పది ప్రశ్నలకూ సున్నాలే

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడు, జూన్ నెలలో నన్ను చిత్తూరు నుంచి నగరి వైపున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్ స్పెషలిస్టు, విభాగం ప్రసూతి. అంటే కాన్పుల వార్డుకు పెద్ద డాక్టరును నేనే. నా పైన సూపరింటెండెంటు, నా కింద ఇద్దరు అసిస్టెంటు సర్జన్లు, స్టాఫ్ నర్సులు. ఆసుపత్రి పేరు రాయను. అప్పటివాళ్లు చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. పదవీ విరమణ దగ్గరపడింది కాబట్టి మిగిలిన కాలం కాన్పులతో, ఆపరేషన్లతో గడిచిపోతుందనుకున్నాను.

చేరిన కొద్ది వారాలకే ఒక ఉత్తర్వు వచ్చింది. తిరుపతిలో ఒక వైద్య కళాశాలవారు గర్భిణుల పేగుల్లోని సూక్ష్మజీవులకూ వాళ్ల మానసిక స్థితికీ సంబంధం ఉందేమో చూడటానికి చిన్న అధ్యయనం మొదలుపెట్టారు. మా ఆసుపత్రి అందులో ఒక కేంద్రం, నేను అక్కడి బాధ్యురాలిని. రోజువారీ పని చూసేది స్రవంతి అనే పీజీ విద్యార్థిని. సూక్ష్మజీవశాస్త్రంలో ఎండీ చేస్తోంది, ఇది ఆమె థీసిస్.

ఈ విషయం కొత్తగా వినేవారి కోసం రెండు మాటలు. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి అరుగుదలకు సాయపడటమే కాక మెదడు మీద పనిచేయగల కొన్ని రసాయనాల తయారీలోనూ పాలుపంచుకుంటాయని, పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా, రక్తం ద్వారా కబుర్లు నడుస్తుంటాయని పరిశోధకులు చెబుతున్నారు. గర్భం వచ్చాక ఈ సూక్ష్మజీవుల్లో మార్పు వస్తుంది. దిగులు జబ్బు ఉన్న గర్భిణిలో ఆ మార్పు వేరేగా ఉంటుందా అన్నది మా ప్రశ్న. ఒకవేళ ఉన్నా, అది దిగులుకు కారణమా, లేక దిగులుతో తిండి తగ్గడం వల్ల వచ్చిన ఫలితమా అన్నది ఎవరూ తేల్చలేదు. నేను చెప్పబోయే సంగతి అంతా ఈ తేలకపోవడం చుట్టూనే నడిచింది.

పని పద్ధతి సులువే. ఒప్పుకున్న గర్భిణికి మూతలోనే చిన్న చెంచా అమర్చిన డబ్బా ఇస్తాం. ఆమె ఇంట్లో కొంచెం మలం అందులోకి తీసి మర్నాడు తెచ్చిస్తుంది. దాన్ని ఐసుపెట్టెలో పెట్టి ఆసుపత్రి జీపులో తిరుపతికి పంపిస్తాం. డబ్బా తీసుకున్న రోజే పది ప్రశ్నలు అడుగుతాం. గడిచిన వారంలో నవ్వగలిగావా, ఊరికే భయం వేసిందా, నిద్ర పట్టనంత బాధ పడ్డావా, ఇలాంటివి. ప్రతి జవాబుకూ ఒక అంకె ఉంటుంది. బాధ లేకపోతే సున్నా. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి సున్నా కాక వేరే ఏది వచ్చినా ఆ మనిషిని ఆ రోజే మానసిక వైద్యుని దగ్గరికి పంపాలి. ఆ పంపే బాధ్యత నాది.

మా భయమంతా డబ్బా గురించే. ఆడవాళ్లు ఛీ అని విసిరికొడతారనుకున్నాం. అలాంటిదేమీ జరగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినారు, తెచ్చి ఇచ్చినారు. నగరి చుట్టుపక్కల మరమగ్గాల ఇళ్ల కోడళ్లు ఐసుపెట్టె దగ్గర వరసలో నిలబడి ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్లు. చిక్కు ప్రశ్నల దగ్గర వచ్చింది. అత్త పక్కనే కూర్చుని ఉంటుంది, స్రవంతి ప్రశ్న అడుగుతుంది, అత్త జవాబు చెబుతుంది. పత్రం తర్వాత పత్రం సున్నాలతో నిండింది. ఆ లెక్కన మా ప్రాంతంలో దిగులుపడే గర్భిణి ఒక్కతీ లేదు.

ఆ వరసలో వచ్చిన మనిషి భువనేశ్వరి. పుట్టిల్లు బంగారుపాళ్యం పక్కన మామిడితోటల పల్లె. భర్త మునిరత్నం మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. మొదటి కాన్పు, ఏడో నెల. వెంట వచ్చింది అత్త కుప్పమ్మ. భువనేశ్వరి బరువు గత నెలకంటే తగ్గింది. గర్భిణికి అది మంచి సూచన కాదు. ఏమయిందని అడిగితే "కడుపులో బాగలేదు మేడం" అన్నది. ఆకలి లేదు, విరేచనం కాదు, మెతుకు దిగదు. కుప్పమ్మ అందుకున్నది: "మేమేం తక్కువ చేసినామని మేడం? బొంబాయి రవ్వ ఉప్మా, పాలు, దానిమ్మకాయలు, అన్నీ తెచ్చి పెడతాండాము. తినేదానికే బద్దకం."

రక్తం, మూత్రం, స్కానింగు అన్నీ చూశాను. మూత్రంలో కొద్దిగా ఇన్‌ఫెక్షన్ ఉంటే మందు రాశాను. డబ్బా ఇచ్చింది. పది ప్రశ్నలకూ సున్నాలే వచ్చాయి.

రెండు వారాల తర్వాత రెండో డబ్బా ఇవ్వడానికి ఆమె మళ్లీ వచ్చిన రోజు కుప్పమ్మ మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడింది. భువనేశ్వరి స్రవంతి ఎదుట ఒంటరిగా ఉన్నది. ఈ డబ్బాలెందుకని ఆమె అడిగితే స్రవంతి పేగుల సంగతి చెప్పింది. చెబుతుండగా ఈ మనిషి ముఖం మారడం గమనించి, జాలితో ఒక అడుగు ముందుకు వేసింది. మనసు బాగలేకపోవడం ఒక్కోసారి కడుపులోని సూక్ష్మజీవుల వల్లే వస్తుందని, అందులో మనిషి తప్పేమీ ఉండదని అన్నది.

అప్పుడు భువనేశ్వరి మాట్లాడింది. స్రవంతి పరుగున వచ్చి నన్ను పిలిచేసరికి ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉన్నది. నా ఎదుట మళ్లీ మొదటినుంచి చెప్పింది. బిడ్డ కదిలితే అందరికీ సంతోషమంట, తనకు ఏమీ అనిపించదట. ఎవరో వేరేవాళ్ల వస్తువు మోస్తున్నట్టు ఉంటుందట. మధ్యాహ్నం మగ్గాలు ఆగి చప్పుడు పోయినప్పుడు ఏడుపు వస్తుందని, మగ్గాలు నడిస్తే ఎవరికీ వినపడదని అప్పటిదాకా ఆపుకుంటానని చెప్పింది. చివరి ప్రశ్న నేను అడిగాను. చేతి గాజులు తిప్పుకుంటూ చెప్పింది. "లేకుండా పోతే అందరికీ బాగుంటాదని అనిపిస్తాది మేడం. దినామూ అనిపిస్తాది."

నిబంధన ప్రకారం ఆ రోజే తిరుపతిలో మానసిక వైద్యుని దగ్గరికి పంపాలి. ఆ మాట చెప్పగానే ఆమె లేచి నిలబడింది. "పురుగుల వల్ల వచ్చిందని ఆయమ్మ ఇప్పుడే సెప్పె గదా. పురుగులకు మందియ్యండి. పిచ్చి డాక్టరు దగ్గరికి నేనెందుకు పోవాల?" అప్పటికి మందులు తీసుకుని వచ్చిన కుప్పమ్మకు సగమే అర్థమైంది, ఆ సగం ఆమెకు నచ్చింది. కడుపులో పురుగులంట, అంతే గదా, పెరుగూ మజ్జిగా పోస్తాను, పదపా ఇంటికి పోదాము అన్నది.

ఊరుకుంటే ఆ మాట పట్టుకుని ఇద్దరూ ఇంటికి వెళ్లిపోతారు. స్రవంతిని బయటికి పంపించి ఇద్దరినీ కూర్చోబెట్టాను. పురుగుల సంగతి ఇంకా తేలలేదని, పెరుగు తింటే మంచిదే గాని ఈ బాధ దానితో పోతుందని ఎవరూ చెప్పలేదని, వైద్యం లేకపోతే ప్రమాదమని చెప్పాను. తప్పు సవరించాను గాని సవరించిన తీరు కఠినంగా ఉండింది. భువనేశ్వరి తలకాయ కిందికి వేసుకున్నది. ఇంతసేపూ ఏ మాట పట్టుకుని నోరు తెరిచిందో ఆ మాటను నేను లాగేసుకున్నాను.

"అయితే నా తప్పే," అన్నది.

అప్పుడు ఒక సంగతి చెప్పాను. అది నేను నా తల్లికీ, భర్తకూ, తోటి డాక్టర్లకూ ఎవరికీ చెప్పింది కాదు. ఉద్యోగం కొత్తలో నాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగు. అక్కడ ఉండగా రెండో కడుపు వచ్చింది. నాలుగో నెల నుంచి నాకు పగలు రాత్రి ఒకటే అయింది. పక్క గదిలో ఒకామెకు కాన్పు చేసి, బిడ్డను తుడిచి తల్లి పక్కన పెట్టి, దుప్పట్లు దాచే గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చేదాన్ని. నా కడుపులో ఉన్నది నాకు వద్దనిపించేది. దినమంతా తల్లులకు జాగ్రత్తలు చెప్పే మనిషిని, నాకు అలా అనిపించడం కన్నా నీచం ఇంకోటి లేదనుకున్నాను. వాంతులని అందరికీ చెప్పాను. నాకు నేనే అజీర్ణం బిళ్లలు రాసుకున్నాను. చనిపోవాలన్న ఆలోచన కూడా వచ్చింది. బిడ్డ పుట్టిన ఏడాదికి అది దానంతట అదే తగ్గింది, నేను దాన్ని పాతిపెట్టేశాను. తర్వాత ముప్పై ఏళ్లు ఎన్నో వేలమంది గర్భిణులకు రక్తం, బీపీ, చక్కెర చూశాను. మనసు ఎలా ఉందని ఒక్కరినీ అడగలేదు. అడిగితే జవాబు నాకు తెలుసు. అందుకే అడగలేదు.

ఇంత వివరంగా ఆ రోజు చెప్పలేదు. నాలుగైదు వాక్యాలు చెప్పి ఉంటాను. నా వయసు, నా హోదా, తెల్లకోటు, బల్ల మీది పేరుపలక, అన్నీ అప్పుడే కొత్తగా కనిపించినట్టయింది.

భువనేశ్వరి తల ఎత్తి నావైపు చూసింది. ఓదార్పుగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. "మీకెందుకు మేడం? మీకేం తక్కువ?"

అనేసిన తర్వాత చేత్తో నోరు మూసుకున్నది. ఇన్నాళ్లూ ఇంట్లో తనను అందరూ అడుగుతున్న మాట అదే. అది తన నోటినుంచి వచ్చిందని ఆమెకు తెలిసింది. నాకు ఏదీ తక్కువ లేదు, అయినా వచ్చింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మెల్లిగా, "ఏం తక్కువ లేకపోయినా వస్తాది గదా," అన్నది. అది నాతో అన్నదో తనతో అనుకున్నదో చెప్పలేను.

కుప్పమ్మ లేచి గది తలుపు దగ్గరికి వేసింది. ఆమెకు నా మీద కోపమేమీ రాలేదు. నా పరువు కోసం భయపడింది. "మేడం, ఈ మాట ఇంకెవురికీ సెప్పబాకండి. డాక్టరమ్మకే ఇట్లా వచ్చిందంటే ఆసుపత్రికి ఎవురొస్తారు?" సొంత మనిషికి బుద్ధి చెప్పినట్టు చెప్పింది. నాకు ఆ క్షణంలో కలిగిన సిగ్గు ఈనాటికీ ఒంట్లో ఉంది. పాతదాన్ని బయట పెట్టినందుకు కాదు. ఆమె చెప్పింది సబబే అని నాకు ఒక్క నిమిషం అనిపించింది, అందుకు.

మునిరత్నాన్ని షెడ్డు నుంచి పిలిపించాము. జుట్టునిండా నూలుపొట్టుతో వచ్చినాడు. సంగతి చెప్పాను. మొదట బిడ్డకేమన్నా అవుతుందా అని అడిగాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "నాకెందుకు సెప్పలేదు?" అన్నాడు.

"సెప్పేదానికి సిగ్గుగా ఉండింది."

"నా దగ్గర గూడానా?"

"నీ దగ్గరే."

అతను ఆ మాటకు బెదిరినట్టు గోడకు ఆనుకుని నిలబడినాడు. తిరుపతికి పోవడానికి అడ్డు చెప్పలేదు గాని చీటీ మీద మానసిక విభాగమని రాయకుండా ఉంటే బాగుంటుందని, తన షెడ్డులో ఆ చీటీ చదవగలిగినవాళ్లు చాలామంది ఉన్నారని గొణిగాడు. రాయక తప్పదని, లేకపోతే అక్కడ వేరే విభాగం ముందు రోజంతా కూర్చోబెడతారని చెప్పాను. ఇంటి దగ్గర ఏం చెప్పుకుంటారో అది మీ ఇష్టం అన్నాను. కడుపు పరీక్షకని చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. కాదనడానికి నాకు నోరు రాలేదు. నేనూ ఒకప్పుడు వాంతులనే చెప్పాను.

అంబులెన్సులు వేరే కేసుల మీద ఉన్నాయి. నమూనాలు తీసుకుపోయే జీపు ఉంది. ముందు సీట్లో భువనేశ్వరి, వెనక కుప్పమ్మ, మునిరత్నం, స్రవంతి, వాళ్ల కాళ్ల దగ్గర ఐసుపెట్టె. పుత్తూరు దాటాక భువనేశ్వరి ఆకలవుతోందన్నదని, దారిలో ఇడ్లీ తినిపించామని స్రవంతి ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్‌లోనే ఏడ్చింది కూడా, తను తొందరపడి చెప్పిన మాట వల్ల ఇంత జరిగిందని. నువ్వు చెప్పకపోతే ఆమె నోరు తెరిచేదే కాదని అన్నాను. తప్పయిన మాట తలుపు తెరిచింది, సరైన మాట మూయబోయింది. ఇది వైద్య విద్యలో ఎక్కడా చెప్పరు.

తిరుపతిలో కొద్ది రోజులు వార్డులో ఉంచుకున్నారు. గర్భిణులకు ఇవ్వదగిన మందు మొదలుపెట్టి, వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్లమన్నారు. ఫలితం వెంటనే కనిపించలేదు. రెండుసార్లు మునిరత్నం మందు ఆపేద్దామన్నాడు. రెండుసార్లూ కుప్పమ్మే ఆపనివ్వలేదు. డాక్టరమ్మకు గూడా వచ్చినాది, నీకేం తెలుసు అని కొడుకును కసిరిందట. నన్ను ఎవరికీ చెప్పవద్దన్న మనిషి చెప్పింది.

ఆ మాట అక్కడ ఆగలేదు. వారం తిరక్కముందే వార్డులో నా వెనక మాటలు ఆగిపోవడం గమనించాను. ఒక సీనియర్ నర్సు నేను సరిగా నిద్రపోతున్నానా అని అడిగింది. నా కన్నా వయసులో చిన్నవాడైన సూపరింటెండెంటు తలుపు దగ్గరికి వేసి, కావాలంటే కొన్నాళ్లు ఆపరేషన్లు వేరేవాళ్లకు అప్పగిస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ముప్పై ఏళ్ల కిందటి జబ్బుకు ఇప్పుడు విశ్రాంతి ఇస్తున్నారన్నమాట. రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. బదిలీకి అర్జీ పెడదామా అనుకున్నాను. కర్టెన్లు వేసుకుని కూర్చున్న నన్ను నేను అద్దంలో చూసుకుని, భువనేశ్వరిని ఏ ధైర్యంతో జీపెక్కించానని సిగ్గుపడి మూడోరోజు డ్యూటీకి వెళ్లాను. ఆపరేషన్లు నావి నేనే చేశాను. మాటలు నెల తర్వాత వాటంతట అవే తగ్గాయి.

భువనేశ్వరికి మా దగ్గరే కాన్పయింది. ఆడపిల్ల, మంచి బరువు. పుట్టిన వెంటనే బిడ్డను పక్కన పెడితే ఆమె చాలాసేపు చూసింది గాని ముట్టుకోలేదు. నేను తొందరపెట్టలేదు. మర్నాడు ఉదయం రౌండ్లకు వెళ్లేసరికి పాలిస్తోంది. ప్రేమ వచ్చిందా అని అడగలేదు, ఆమె చెప్పలేదు. పుట్టింటికి వెళ్లి అక్కడ ఇంకొన్ని నెలలు మందు వాడింది. పూర్తిగా తేరుకోవడానికి బిడ్డ పాకేదాకా పట్టింది.

ఆ తర్వాత ఒకసారి టీకాకు వచ్చినప్పుడు నా గదికి వచ్చి, "నా పురుగులు ఎట్లుండినాయి మేడం? కనుక్కున్నారా?" అని అడిగింది. చెప్పక తప్పలేదు. మొదటి నమూనా ఇవ్వడానికి ముందే నేను రాసిన యాంటీబయాటిక్ ఆమె వాడటం మొదలుపెట్టింది. ఆ మందు పేగుల్లోని సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. అందుకని ఆమె డబ్బాలు లెక్కలోకి తీసుకోలేదు. మిగతావాటితో చేసిన లెక్కా చిన్నదే కాబట్టి సంబంధం ఉందనీ లేదనీ చెప్పలేమని స్రవంతి థీసిస్‌లో నిజాయితీగా రాసింది. భువనేశ్వరి విని కొంచెం నిరాశపడింది. "అయితే అవునో కాదో తెలీనే తెలీదా?" అన్నది. తెలియదన్నాను. బిడ్డను భుజం మార్చుకుని వెళ్లిపోయింది.

మేము పని పద్ధతి మార్చాము. అత్తలను, భర్తలను బయట కూర్చోబెట్టి గర్భిణిని ఒంటరిగా అడిగాము. ఆకలి, విరేచనం, నిద్ర ముందు అడిగి, మనసు సంగతి వాటి వెంటే, అదే గొంతుతో అడిగాము. పత్రాల్లో సున్నాలు తగ్గాయి. నా సొంత సంగతి ఆసుపత్రిలో మళ్లీ ఎవరికీ చెప్పలేదు. దాని అవసరం రాలేదు. చెప్పే ధైర్యం కూడా అప్పటికి లేదు.

ఆనాడు నా కడుపులో ఉన్నది నా రెండో కూతురు. చిత్తూరులో బడిపంతులమ్మగా ఉంది. ఇది అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చూపించాను. చదివి, కాగితాలు సరిచేసి పెట్టి, నాన్నకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. అయితే ముందు ఆయనకు చెప్పమన్నది. చెప్పాను. సాయంత్రం ఆయన వచ్చి, ఆ ఏడు మనం ఎక్కడెక్కడ తిరిగామో గుర్తు చేసుకుంటున్నానన్నారు. తనకు కనిపించి ఉండవలసింది ఏదైనా ఉందా అని వెతుకుతున్నారని అర్థమైంది.

గర్భిణికి దిగులు ఎందుకు వస్తుందో పేగుల శాస్త్రం ఏదో ఒకనాడు చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. కారణం తేలేదాకా ఆ మనిషిని తప్పు కింద ఉంచనక్కరలేదు. ఇది జబ్బు, దీనికి వైద్యం ఉంది, నీ తప్పు కాదు అని చెప్పడానికి ఏ నమూనా పరీక్షా అడ్డు కాదు. భువనేశ్వరితో పురుగుల మాట తీసేసేముందు నేను చెప్పవలసింది ఈ మాటే. ఆ వరస తప్పకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. గర్భిణుల విషయంలో దాన్ని చివరి డ్యూటీ దాకా పాటించాను. నా విషయంలో ఇంకా పూర్తిగా చేతకాలేదు.